ప్లంబర్ కోసిన గోడకి అతుకు వేయించాం, కానీ టెక్స్చర్ కలవడం లేదు. సలహా కావాలి

ఫ్రిస్కో_ఫ్యామిలీ
అందరికీ నమస్కారం. మాది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో 2006లో కట్టిన ఇల్లు. పైన బాత్‌రూమ్ పైపు కారి కింద హాల్లో గోడ తడిసింది. ప్లంబర్ వచ్చి రెండు స్టడ్‌ల (గోడలోపలి నిలువు చెక్కల) మధ్య డ్రైవాల్ (గోడగా బిగించే జిప్సమ్ బోర్డు) కోసి పైపు మార్చాడు. కోసిన చోటు సుమారు 14 అంగుళాల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుంది. తర్వాత వచ్చిన హ్యాండీమ్యాన్ కొత్త ముక్క బిగించి, మడ్ (అతుకుల మీద రాసే జాయింట్ కాంపౌండ్ ముద్ద) రాసి, స్ప్రే డబ్బాతో టెక్స్చర్ (గోడ మీది గరుకు) కొట్టి, ఆ మేరకే రంగు వేసి వెళ్ళాడు.

ఎదురుగా నిలబడి చూస్తే బాగానే ఉంది. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ గోడ మీద పక్కగా పడిందంటే చాలు, అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మధ్యలో గరుకు చుక్కలు, వాటి చుట్టూ రెండంగుళాల నున్నటి పట్టీ, ఆ తర్వాత పాత గోడ. దసరాకి బొమ్మల కొలువు పెట్టేది ఆ గోడ ముందే. ఇంట్లో అందరికీ దాని మీదే కన్ను పడుతోంది. మళ్ళీ మనిషిని పిలవకుండా మేమే సరిచేసుకోవచ్చా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రాలీ_సివిల్
చేసుకోవచ్చండీ. ముందు మీ గోడది ఏ టెక్స్చరో తేల్చుకోండి, చాలామంది అక్కడే పొరపడతారు. బుడిపెలు చిన్నగా, గుండ్రంగా, గోడంతా ఒకే తీరుగా ఉంటే ఆరెంజ్ పీల్. చుక్కల తలలు చదునుగా నొక్కేసినట్టు, మధ్యమధ్య నున్నటి ఖాళీలతో ఉంటే నాక్‌డౌన్. తాపీ ఈడ్చిన గుర్తులు అడ్డదిడ్డంగా ఉంటే స్కిప్ ట్రోవెల్. ఇవేవీ కాక వట్టి రోలర్ గరుకు మాత్రమే ఉన్న గోడలు కూడా బోలెడు.

ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీయండి. ఫ్లాష్‌తో ఎదురుగా తీస్తే ఏమీ తెలియదు. ఇంకో మాట, పైపు పని అయ్యాక లోపల ఇన్సులేషన్ తడి ఆరిందో లేదో చూసుకున్నారా?

ఫ్రిస్కో_ఫ్యామిలీ
చూశాం. తడిసిన ఇన్సులేషన్ తీసేసి, గోడ మూయకముందు చాలా రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. ఫోటోలు పెట్టాను. నాకైతే ఆరెంజ్ పీల్ అనిపిస్తోంది, బుడిపెల తలలు చదునుగా లేవు.

మేస్త్రీ_మనవడు
అవును, ఆరెంజ్ పీలే. అందులోనూ సన్న రకం. నేను హ్యూస్టన్‌లో రీమోడలింగ్ పని చేస్తాను, అతుకులు వేయడమే నా రోజువారీ పని. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మీ ఫోటోలో రెండు తప్పులున్నాయి, రెండూ టెక్స్చర్ కొట్టకముందే జరిగినవి. ఒకటి, అతుకు ఉబ్బెత్తుగా ఉంది. జాయింటు మీద అంటించే టేపుకి మడ్ రాసి ఆరంగుళాల పుట్టీ కత్తితోనే వదిలేశారు, బయటికి పలచగా లాగలేదు. రెండోది, చుట్టూ ఉన్న పాత టెక్స్చర్‌ను గీకకుండా దాని మీదే మడ్ ఎక్కించారు. మీరు నున్నటి పట్టీ అన్నది అదే. పాత గోడ బుడిపెల సందులన్నీ మడ్‌తో పూడిపోయాయి, కొత్త స్ప్రే అక్కడిదాకా రాలేదు. చూసేవాళ్ళు అతుకుని గుర్తుపట్టేది ఎప్పుడూ అంచు దగ్గరే. నడిమధ్య చుక్క కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు.

టెక్స్చర్ కొడితే ఉబ్బు కప్పుకుపోతుందని చాలామంది నమ్ముతారు. కప్పుకోదు. పక్క వెలుతురులో ఇంకా బాగా బయటపడుతుంది. కాబట్టి ఇప్పుడున్న స్ప్రేని వెడల్పాటి కత్తితో గీకేయండి, 120 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. అతుకు చుట్టూ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మేర పాత బుడిపెల తలలు కూడా గీకేయండి. ఆ తర్వాత 12 అంగుళాల కత్తితో మడ్ పలచగా లాగండి, అతుకు అంచు దాటి ఇంకో అడుగు దూరం వెళ్ళినా తప్పులేదు. కత్తి ఒక చివర గోడకి నొక్కి, రెండో చివర కాస్త తేలికగా పట్టుకుంటే అంచు దానంతటదే పలచబడుతుంది. ఒక పూత మందంగా వేసే కంటే పలచటి పూతలు రెండు మూడు వేయడం మేలు.

మడ్ విషయం. బకెట్‌లో కలిపి వచ్చేది నీరు ఆవిరై ఆరుతుంది, పూత పూతకీ ఒక రోజు పడుతుంది. పొడిగా సంచిలో వచ్చే ఈజీ సాండ్ 20, 45, 90 లాంటివి నీళ్ళు కలిపాక రసాయన చర్యతో గట్టిపడతాయి. ఆ నంబరు సుమారుగా అది గట్టిపడటానికి పట్టే నిమిషాలు. అది కుంచించుకుపోవడం కూడా తక్కువ. మొదటి పూతలకి అది వాడి, చివరి పూతకి మాత్రం బకెట్‌లోని తేలిక రకం వాడండి, సాఫీగా రుద్దుకోవచ్చు. మెష్ టేపు వాడితే దాని మీద మొదటి పూత గట్టిపడే రకమే అయ్యుండాలి, లేకపోతే తర్వాత చీలిక వస్తుంది. పేపర్ టేపుకి ఏదైనా సరే.

పని అయ్యాక చేత్తో తడిమి చూడండి, కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది. టార్చ్ పక్కగా పెట్టి చూసినప్పుడు నీడ పడకపోతే అప్పుడు టెక్స్చర్ సంగతి మాట్లాడుకుందాం.

ఎడిసన్_నుంచి
ఇంత శ్రమ దేనికండీ? మా న్యూజెర్సీ వైపు గోడలన్నీ నున్నగానే ఉంటాయి, అతుకు వేస్తే ఎక్కడ వేశారో తెలియదు. ఆ గోడ మొత్తానికి పలచగా మడ్ పూసి నున్నగా చేసేస్తే ఒక్క దెబ్బకి గొడవ వదిలిపోతుంది కదా?

మేస్త్రీ_మనవడు
ఆలోచన మంచిదే, కానీ ఈ ఇంటికి వద్దంటాను. గోడంతా నున్నగా పూయడాన్ని ఇక్కడ లెవెల్ 5 ఫినిష్ (అన్నిటికన్నా నున్నటి మెట్టు) అంటారు, అది బాగా చెయ్యి తిరిగినవాళ్ళ పని. మామూలుగా బిల్డర్లు అంతకు కింది మెట్లలోనే ఆపి టెక్స్చర్ కొడతారు. టెక్సాస్, అరిజోనా, కాలిఫోర్నియాల్లో గోడలు ఎక్కువగా గరుకుగా ఉండటానికి అదొక కారణం, జాయింట్లలోని చిన్న లోపాలు అందులో కలిసిపోతాయి. అలాంటి గోడ మీద కొత్తవాళ్ళు మడ్ పూస్తే సాయంత్రం ఎండలో కత్తి గీతలన్నీ తేలతాయి. పైగా మిగతా మూడు గోడలు గరుకుగా ఉండి ఇదొక్కటే నున్నగా ఉంటే గది అందం పోతుంది.

ఆస్టిన్_అద్దె_ఇల్లు
మధ్యలో నాదొక చిన్న ప్రశ్న. మాది అద్దె అపార్ట్‌మెంట్. టీవీ స్టాండ్ తీసేస్తే నాలుగు బోల్టు రంధ్రాలు తేలాయి, ఒక్కోటి వేలు పట్టేంత. వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం, డిపాజిట్ గురించి టెన్షన్‌గా ఉంది. గోడ చూడటానికి ఆరెంజ్ పీల్‌లాగే ఉంది. టెక్స్చర్ స్ప్రే డబ్బా కొనేయనా?

రాలీ_సివిల్
ఆగు తమ్ముడూ. అపార్ట్‌మెంట్లలో మనిషి మారినప్పుడల్లా రోలర్‌తో రంగు వేస్తారు, ఆ పూతల మీద పూతలే సన్నటి గరుకుగా కనిపిస్తాయి. దాని మీద స్ప్రే కొడితే అక్కడొక్కచోటే బుడిపెలు లేచి ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. తలుపు వెనకో, క్లోజెట్ లోపలో చూడు. రంగు పూతలు తక్కువగా ఉన్న ఆ చోట గోడ దాదాపు నున్నగా ఉంటే అది రోలర్ గరుకే.

రంధ్రం చుట్టూ లేచిన కాగితాన్ని కత్తితో కోసి, అంచుని లోపలికి నొక్కి, రెండు సార్లు మడ్ పెట్టి రుద్దు. ప్రైమర్ వేసి, మందపాటి నూలున్న చిన్న రోలర్‌తో రంగు పొడిపొడిగా అద్దు, ఆరాక ఇంకోసారి అద్దు. గరుకు దానంతటదే వస్తుంది. రంగు మాత్రం ముందు ఆఫీసు వాళ్ళనే అడుగు. మిగిలిన డబ్బా వాళ్ళ దగ్గర ఉండొచ్చు, ఏ రంగో అయినా చెబుతారు.

ఆస్టిన్_అద్దె_ఇల్లు
క్లోజెట్‌లో చూశా అన్నా, నున్నగానే ఉంది. పెద్ద సాయం చేశారు.

ఫ్రిస్కో_ఫ్యామిలీ
మేస్త్రీ మనవడు గారూ, మీరు చెప్పినట్టే పాతదంతా గీకి కొత్తగా మడ్ లాగాం. టార్చ్ పెట్టి చూస్తే నీడ దాదాపు లేదు. ఇప్పుడు నేరుగా టెక్స్చర్ కొట్టొచ్చా, లేక ప్రైమర్ వేయాలా? షాపులో ఒకతను టెక్స్చర్ తర్వాత వేస్తే చాలన్నాడు. డబ్బాల్లో కూడా నీటితోది, నూనెతోది అని రెండు రకాలున్నాయి.

మేస్త్రీ_మనవడు
ముందూ వేయాలి, తర్వాతా వేయాలి. ముందు ఎందుకంటే, ప్రైమర్ వేయని ఉత్త మడ్ నీటిని గబగబా పీల్చేస్తుంది, పక్కనున్న పాత రంగు పీల్చదు. ఒకే స్ప్రే ఒకచోట క్షణాల్లో బిగుసుకుని ఇంకోచోట జారుతుంది, చుక్కలు ఒకేలా నిలవవు. ప్రైమర్ ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. కొట్టింది నచ్చకపోతే తడి స్పాంజితో తుడిచేసి మళ్ళీ కొట్టుకోవచ్చు, కింద మడ్ కరగదు. టెక్స్చర్ తర్వాత వేయకపోతే, తడి రోలర్ తగలగానే ఆ చుక్కలు నాని రోలర్‌కే అంటుకుని ఊడి వస్తాయి. రంగు మెరుపు కూడా అతుకు మేర వేరుగా తేలుతుంది. నీటి మరక ఏ కొంచెం మిగిలినా ముందుగా షెల్లాక్ ప్రైమర్ ఒక పూత వేయండి, మామూలు ప్రైమర్‌లోంచి మరక పైకి వచ్చేస్తుంది.

డబ్బా విషయంలో మొదటిసారి చేసేవాళ్ళకి నీటి రకమే చెబుతాను, తుడిచే వీలుంటుంది. నూనె రకం త్వరగా ఆరుతుంది గానీ నీళ్ళతో తుడవలేం, వాసన కూడా ఘాటు.

ఫీనిక్స్_వనజాక్షి
నేను ఇంట్లో రెండు గదుల గోడలు సొంతంగా చేసుకున్నాను, డబ్బా గురించి నాకు తెలిసింది చెబుతా. డబ్బా చల్లగా ఉంటే ముద్దలు ముద్దలుగా ఉమ్ముతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచండి. సలసలా కాగేవి మాత్రం వద్దు, ఒత్తిడితో ఉన్న డబ్బా అది. నిమిషం సేపు గట్టిగా కుదిపి, ముందు ఒక అట్ట మీద కొట్టి చూడండి. ఆ అట్టని తీసుకెళ్ళి పాత గోడ పక్కన నిలబెట్టి, రెండింటినీ ఒకే పక్క వెలుతురులో పోల్చండి. అట్ట మీద సరిపోయేదాకా గోడ జోలికి వెళ్ళకండి. నాజిల్ సన్న చుక్క నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. చిన్న చుక్కలకి ఇంకొన్ని కలపొచ్చు, పెద్దవి పడితే తుడవడమే దిక్కు.

గోడ మీద కొట్టేటప్పుడు చెయ్యి ఆపకూడదు. అతుకు బయటే మీట నొక్కి, అతుకు మీదుగా దాటి, అటువైపు బయటికి వెళ్ళాకే వదలాలి. మీట నొక్కిన తొలి క్షణంలో ఒక ముద్ద పడుతుంది, అది అట్ట మీదో పాత పేపరు మీదో పడాలి. పలచగా ఒక దఫా కొట్టి, కాసేపాగి, చాలకపోతే ఇంకో దఫా. అంచు దగ్గర చుక్కలు క్రమంగా పలచబడుతూ పాత బుడిపెల్లో కలిసిపోవాలి. మాస్కింగ్ టేపు మాత్రం అతుకు చుట్టూ అంటించకండి, తీశాక టేపు అంచున గీత గీసినట్టు మిగిలిపోతుంది. నేల, సోఫా కప్పుకోండి చాలు.

మాది నాక్‌డౌన్ గోడ. దానికి ఇంకొక్క మెట్టు ఉంది. చుక్కలు పెద్దవిగా పడ్డాక వెంటనే ముట్టుకోకూడదు. తడి మెరుపు పోయి పైన మసకబారేదాకా ఆగాలి, సాధారణంగా 10, 15 నిమిషాలు. మా ఎడారి గాలికి ఇంకా ముందే అయిపోతుంది. అప్పుడు వెడల్పాటి కత్తిని దాదాపు గోడకి పరిచినట్టు పట్టుకుని, బరువు వేయకుండా ఒకే దిక్కుకి లాగాలి. తొందరపడితే చుక్క మొత్తం పులుముకుపోతుంది, ఆలస్యం చేస్తే పొడిగా రాలి గీరలు పడతాయి. ప్రతిసారీ కత్తి తుడుచుకోవాలి, అంచుకి అంటుకున్న ఎండు ముక్క తర్వాతి చుక్కని చీల్చేస్తుంది. పాత గోడ మీద తలలు ఏ దిక్కుకి వాలి ఉన్నాయో చూసుకుని అటే లాగండి.

హాపర్_గన్
పెద్ద గోడైతే డబ్బాలు వద్దు, అద్దెకి హాపర్ గన్ (గాలితో మడ్‌ని గోడ మీదికి చిమ్మే సాధనం), కంప్రెసర్ తెచ్చుకోండి. మడ్‌ని దోశ పిండి కంటే కాస్త పలచగా, ఉండలు లేకుండా కలపాలి. గాలి ఒత్తిడి పెంచితే చుక్క చిన్నదవుతుంది, తగ్గిస్తే పెద్దదవుతుంది. 14 అంగుళాల అతుక్కి మాత్రం ఇది అనవసరం.

శాన్_హోజే_పాతిల్లు
గీకడం, రుద్దడం గురించి ఇంతమంది రాశారు గానీ ఇల్లు ఎప్పటిదని ఒక్కరే చెప్పారు. ఇది చదివి పాత ఇళ్ళవాళ్ళు కూడా గీకడం మొదలుపెడతారు, అందుకే గట్టిగా చెబుతున్నా. జాయింట్ మడ్‌లో ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకి హాని చేసే నార ఖనిజం) కలపడాన్ని అమెరికాలో 1977లో నిషేధించారు, ఇళ్ళ రంగుల్లో సీసం (లెడ్) కలపడాన్ని 1978లో. అప్పటికే తయారైన సరుకు ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వాడారు. 1980ల తొలి ఏళ్ళ దాకా కట్టిన ఇల్లైతే, ముఖ్యంగా పాప్‌కార్న్ సీలింగ్ (పేలాల్లా బుడిపెలున్న పైకప్పు) ఉంటే, చెయ్యి పెట్టకముందే చిన్న నమూనా ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటారు, ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

రాలీ_సివిల్
వంద శాతం నిజం. 2006 ఇంటికి ఆ బెడద లేదు. అయినా మడ్ దుమ్ము చాలా సన్నటిది, ఎన్95 మాస్కు పెట్టుకుని, ఏసీ రిటర్న్ గ్రిల్ (గది గాలిని ఏసీలోకి పీల్చే జాలీ) మూసి రుద్దండి. లేకపోతే ఇల్లంతా తెల్లపొడే. ఆఖరి రుద్దుడు తడి స్పాంజితో చేస్తే దుమ్మే ఉండదు.

కూకట్‌పల్లి_ఫ్లాట్
మేము హైదరాబాద్‌లో ఉంటాం. మా గోడలు ఇటుక, సిమెంట్ ప్లాస్టరింగ్, పైన లప్పం, కాబట్టి ఇదంతా మాకు కొత్త. కానీ హాల్లో జిప్సమ్ బోర్డు ఫాల్స్ సీలింగ్ ఉంది, లైటు మార్చినప్పుడు ఎలక్ట్రీషియన్ పెద్ద రంధ్రం వదిలేశాడు. పెయింటర్ లప్పం పెట్టేస్తానంటున్నాడు. పెట్టించవచ్చా?

మేస్త్రీ_మనవడు
మీది కూడా డ్రైవాల్ జాతిదేనండీ, బోర్డు లోపల జిప్సమ్, రెండు వైపులా కాగితం. ఉత్త లప్పంతో రంధ్రం పూడిస్తే వెనక ఆసరా ఉండదు, కొన్నాళ్ళకి గుండ్రంగా చీలిక వస్తుంది. రంధ్రాన్ని చదరంగా కోయించి, లోపల చెక్కో మెటల్ పట్టీయో స్క్రూలతో బిగించి, దానికి అదే మందం బోర్డు ముక్క బిగించమనండి. అంచుల మీద పేపర్ టేపు, జిప్సమ్ జాయింటింగ్ కాంపౌండ్ వాడాలి. అది ఆరాక పైన పలచగా లప్పం రాసి నున్నగా రుద్దుకోవచ్చు. మీకు టెక్స్చర్ కలిపే బాధ లేదు గానీ, నున్నటి సీలింగ్ మీద కోవ్ లైట్ల (సీలింగ్ అంచుల్లో దాచి పెట్టేవి) వెలుతురు పక్కగా పడుతుంది కాబట్టి పూతని ఇంకా వెడల్పుగా లాగించండి.

ఫ్రిస్కో_ఫ్యామిలీ
ప్రైమర్ వేసి, అట్ట మీద కుదిరాక గోడ మీద కొట్టాం. వనజాక్షి గారి మాట పట్టుకుని చెయ్యి ఆపకుండా లాగితే అంచులు చక్కగా కలిశాయి, చాలా సంతోషంగా ఉంది. ఒక్కటే లోటు. దగ్గరికెళ్ళి చూస్తే కొత్త చుక్కలు పదునుగా ఉన్నాయి, పాతవి మెత్తగా గుండ్రంగా ఉన్నాయి. చుక్క సైజు ఒకటే. అయినా తేడా ఎందుకు వస్తోంది?

మేస్త్రీ_మనవడు
చాలా మంచి పరిశీలన. పాత గోడ మీద ఇన్నేళ్ళుగా పడిన రంగు పూతలు ప్రతి బుడిపె సందునీ కొద్దికొద్దిగా నింపి తల గుండ్రం చేశాయి. కొత్త దాని మీద ఇంకా ఏ పూతా లేదు. అందుకే కొత్త టెక్స్చర్ అచ్చం పాతదాని సైజే పడినా పదునుగా కనిపిస్తుంది. పూర్తిగా ఆరాక 220 నంబరు సాండింగ్ స్పాంజితో, అరచెయ్యి బరువు కూడా వేయకుండా, పైపైన ఒక్కసారి నిమరండి. మొనలు విరిగితే చాలు, చదును అవ్వకూడదు. ఆ పొడి తుడిచి ప్రైమర్ వేయండి. దాని మీద రంగు రెండు పూతలు పడేసరికి పాతదాంట్లో కలిసిపోతుంది.

ఫీనిక్స్_వనజాక్షి
రంగు ఆ అతుకు మేరకే వేయకండి, మీ హ్యాండీమ్యాన్ చేసింది అదే. గోడ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, పై నుంచి కింద దాకా మొత్తం వేయండి. అదే డబ్బాలో మిగిలిన రంగే అయినా గోడ మీదిది ఇన్నేళ్ళలో వెలిసి ఉంటుంది. మూల దగ్గర ఆపితే రెండు గోడల మధ్య చిన్న తేడా ఎవరి కంటికీ ఆనదు.

ఫ్రిస్కో_ఫ్యామిలీ
పాత రంగు డబ్బా లేదు, పేరు కూడా తెలియదు. మెరుపు ఏదని అడిగితే ఏం చెప్పాలి?

రాలీ_సివిల్
స్విచ్ బోర్డు ప్లేటు విప్పి, దాని కింద దాగే చోట అంగుళం చదరం మేర కాగితం పొరతో సహా కోసి పెయింట్ షాపుకి పట్టుకెళ్ళండి. మెషీన్ మీద పెట్టి రంగు కలిపిస్తారు. పవర్ ఆపి చేయండి. మెరుపు తెలుసుకోవడానికి ఆ ముక్కని కిటికీ దగ్గర వాల్చి చూడండి. అసలు మెరవకపోతే ఫ్లాట్, కొంచెం మెరిస్తే ఎగ్‌షెల్, ఇంకా ఎక్కువైతే శాటిన్. గోడ మొత్తం వేస్తున్నారు కాబట్టి ఫ్లాట్‌కి మారినా ఫరవాలేదు, లోపాలు దాచడంలో దాన్ని మించింది లేదు. పిల్లల చేతి మరకలు తుడవాలంటే మాత్రం ఎగ్‌షెల్ మేలు.

ఫ్రిస్కో_ఫ్యామిలీ
ఎగ్‌షెల్ తీసుకుంటాం, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. శనివారం గోడ మొత్తం వేసి, సాయంత్రం ఎండ పడేటప్పుడు ఫోటో తీసి ఇక్కడే పెడతాను. అందరికీ ధన్యవాదాలు.

మేస్త్రీ_మనవడు
మొదటి పూతకీ రెండో పూతకీ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. అతుకు మీద మాత్రం మందపాటి నూలు రోలరే వాడండి, సన్న నూలు రోలర్ చుక్కల సందుల్లోకి వెళ్ళదు.